పదో తరగతిలో బడి మారొద్దన్నారు

జూన్ వస్తుందంటే నాకు ముందునుంచే నీరసం. సిరిసిల్లలో నేను లెక్కలు చెప్పే ప్రైవేటు బడిలో మొదటి వారం పాఠాలు సాగవు, తల్లిదండ్రులతోనే సరిపోతుంది. ఎక్కువగా తల్లులే వస్తారు. స్టాఫ్‌రూము బయట బెంచీ మీద కూర్చుని, నన్ను చూడగానే కొంగు సర్దుకుంటూ లేచి నిలబడతారు. "మేడమ్, మా పిల్ల పదికి వచ్చింది. ఈన్నే ఉంచాల్నా, సర్కారు బడిల ఎయ్యాల్నా?" అని అడుగుతారు. ఉంచమని చెప్పడానికే యాజమాన్యం నాకు జీతమిస్తుంది. నేను మాత్రం ముందు తలుపు వైపు ఒకసారి చూసి, "ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెడతారా?" అని అడుగుతాను. పెడతామంటే గొంతు తగ్గించి చెప్పాల్సింది చెప్పి పంపిస్తాను. ఏదో ఒక రోజు ఇందుకే నా ఉద్యోగం పోతుంది. పోతే పోనీ.

ఆ ట్రిపుల్ ఐటీ సీటంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. దానికి ప్రవేశపరీక్ష లేదు. పదో తరగతిలో వచ్చిన గ్రేడు పాయింట్లు చూసి తీసుకుంటారు. సీటొచ్చిన పిల్ల ఆరేళ్లు అక్కడే ఉండి, అక్కడే తిని, ఇంజనీరై బయటికొస్తుంది. తండ్రి గల్ఫ్‌లోనో బీవండి మగ్గాల మీదనో ఉన్న ఇళ్లలో ఆడపిల్లకు అంతకన్నా పెద్ద దారి మా వైపు ఎవరికీ తెలియదు. ఇంకొక సంగతి ఉంది. పదో తరగతి మామూలు సర్కారు బడిలో చదివినవాళ్లకు, వాళ్లకొచ్చిన పాయింట్ల మీద ఇంకో సున్నా పాయింట్ నాలుగు కలుపుతారు. ప్రైవేటు బడిలో చదివినవాళ్లకు కలపరు. అది న్యాయమే. నాకు మంట పుట్టించిన న్యాయమైనా న్యాయమేనని ఇప్పటికీ అంటాను.

మాది ఎల్లారెడ్డిపేట దగ్గర చిన్న ఊరు. బాపు, అంటే మా నాన్న, తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. వరసగా కాలం కాక, వానల్లేక చెట్లకు కల్లు పారడం తగ్గింది. ఒకసారి జారి పడి కాలు విరిగింది. కాలు కుదురుకున్నాక మళ్లీ చెట్టెక్కడానికి అమ్మ ఒప్పుకోలేదు. ఏజెంటును పట్టుకుని గల్ఫ్ వెళ్లాడు. ఏ దేశం వెళ్లాడన్నది మా ఊళ్లో ఎవరికీ పట్టింపు లేదు, ఏ దేశమైనా మాకు దుబాయే. అప్పుడు నేను ఏడో తరగతి, ఊళ్లోని సర్కారు బడిలో తెలుగు మీడియం, క్లాసులో ఫస్టు.

మొదటి జీతాలు సక్రమంగా వచ్చాయి. ఆ ధైర్యంతో అమ్మ నన్ను తీసుకుని కోరుట్లకు మారింది. కోరుట్ల అమ్మ పుట్టినూరు. మామ ఇంటికి నాలుగిళ్ల అవతల రెండు గదులు కిరాయికి తీసుకుంది. నన్ను ఇంగ్లిషు మీడియం బడిలో వేసింది. ఆ గల్లీలో సగం ఇళ్లు గల్ఫ్ ఇళ్లే. ఒక గల్ఫ్ ఇల్లు ఎలా నడుస్తున్నదో అక్కడ ఎవరూ నోరు తెరిచి అడగరు. పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటి ముందు బడి వ్యాన్ ఆగుతుందా, ఆ ఇంటి ఆడమనిషి బీడీలు చేయడం మానేసిందా, ఈ రెండూ చూస్తారు. వ్యాన్ ఆగి, బీడీల చాట అటక ఎక్కితే బాగున్నట్టు. అమ్మ పెళ్లికి ముందునుంచీ బీడీలు చేసిన మనిషి. కోరుట్లకు వచ్చిన మొదటి వారమే చాట ఎత్తి అటక మీద పెట్టింది. "ఇగ దాని మొకం సూడ" అంది. చూడకుండా దాదాపు రెండేళ్లు ఉండగలిగింది.

ఎనిమిదో తరగతిలో నేను కూలబడ్డాను. వేరే మాట లేదు. ఊళ్లో ఫస్టొచ్చిన పిల్లకు మొదటి పరీక్షల్లో సీ గ్రేడులు వచ్చాయి. ఫొటోసింథసిస్ అనే పాఠాన్ని అర్థం కాకుండా వారం రోజులు బట్టీ పట్టాను. అది కిరణజన్య సంయోగక్రియ అని తెలిసిన రోజు నాకు ఏడుపు కాదు, కోపం వచ్చింది. అది నాకు ఏడో తరగతిలోనే వచ్చు. వచ్చిన చదువునే మళ్లీ రానట్టు చేసుకుని, మళ్లీ నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. తొమ్మిదో తరగతి సగానికి బీలోకి వచ్చాను, చివరి పరీక్షలకు లెక్కల్లో ఏ వన్. బడి ప్రిన్సిపాల్ ప్రేయర్‌లో లేపి చప్పట్లు కొట్టించాడు. పిచ్చిదాన్ని, ఇలా ఎక్కుతూ వచ్చిన సంగతి ఎక్కడో ఎవరో చూసి లెక్కలో వేసుకుంటారనుకున్నాను. తర్వాత ఎన్నో ఫారాలు నింపాను. ఎక్కడ కూలబడి ఎక్కడికి లేచావని అడిగే గడి ఒక్క దానిలోనూ లేదు.

నేను ఎక్కుతున్న ఏడాదే ఇల్లు దిగడం మొదలైంది. బాపు పంపే డబ్బులు మొదట ఆలస్యమయ్యాయి, తర్వాత సగమయ్యాయి. "కంపినిల లేటైతున్నది, పంపుత" అనేవాడు శుక్రవారం ఫోన్లో. తొమ్మిదో తరగతి ఎండాకాలం నాటికి ఎప్పుడొస్తాయో తెలియని స్థితి. అమ్మ అటక మీంచి చాట దించింది. కానీ వాకిట్లో కూర్చోలేదు. తలుపు వేసి, లోపలి గదిలో, ఫ్యాను కూడా వేయకుండా కూర్చునేది, గాలికి తంబాకు పొడి ఎగిరిపోతుందని. చేసిన బీడీలు మామ భార్య, మా అత్తమ్మ, తన బీడీ కార్మికుల కార్డు మీద కార్ఖానాలో ఇచ్చేది. బడి నుంచి రాగానే నేను తునికాకు కత్తిరించేదాన్ని. డెబ్బై కిలోమీటర్ల అవతల మా ఊరు, ఏడు సముద్రాల అవతల బాపు, నాలుగిళ్ల అవతల గల్లీ జనం, వీళ్లెవరికీ తెలియకూడదు. తెలియకుండా ఉండాలంటే పొద్దున వ్యాన్ ఆగుతూనే ఉండాలి.

ఆ గల్లీలో నాకు ఒకే ఒక దోస్తు. వాళ్లు చర్చికి పోయే కూలీల కుటుంబం. ఏ బడి అన్న ప్రశ్నే వాళ్లింట్లో పుట్టలేదు, గల్లీ వెనకాల సర్కారు హైస్కూలు ఉంది, అంతే. తనదీ నా తరగతే. సాయంత్రాలు మా గడప మీద కూర్చుని లెక్కలు నా దగ్గర చెప్పించుకునేది. మా గదిలోంచి వచ్చే తంబాకు వాసన తనకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఒక్కసారీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల మంచిదని ఇక్కడ రాసిపెడుతున్నాను, తర్వాత చెప్పబోయేది చదివి ఎవరూ తప్పు పట్టకూడదని.

పదో తరగతి మొదలయ్యే జూన్‌లో ఆ హైస్కూలు లెక్కల సారు నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు, పిల్లల్ని చేర్పించమని అడగడానికి. నా సంగతి దోస్తు చెప్పినట్టుంది. మా తలుపు కొట్టాడు. అమ్మ చాట మీద చీర కప్పి, చేతులు కడుక్కుని, అప్పుడు తలుపు తీసింది.

సారు గడప బయటే నిలబడ్డాడు. "చెల్లె, బిడ్డను మా దగ్గర ఎయ్యి. మంచిగ సదువుతదట గదా. మా బడిల పది రాస్తే ట్రిపుల్ ఐటీకి పాయింట్ నాలుగు కలుస్తది. గా ప్రైవేటు బడిల్నే ఉంటే కలువది. సదివేది అదే పుస్తకం, మా కాడ గూడ ఇంగ్లిషు మీడియం సెక్షన్ పెట్టినం" అన్నాడు.

అమ్మకు ఆశ కలిగింది. నాకు కనిపించింది. ఫీజు బాధ తప్పుతుంది, సీటు దగ్గరవుతుంది. కానీ వెంటనే గల్లీ వైపు చూసింది. అంతకుముందు ఏడాది ఎదురింటి పిల్లకు వ్యాన్ ఆగిపోతే, నెలరోజులు ఆ పిల్ల తల్లిని నీళ్ల పంపు దగ్గర అందరూ ఎంతో ప్రేమగా పలకరించారు. "ఏమైందక్కా, అన్న మంచిగున్నడా? కంపిని ఉన్నదా?" అని. ఆ ప్రేమ భరించలేక వాళ్లు ఇల్లే ఖాళీ చేశారు.

"పదిల బడి మార్సద్దంటరు గద సారు" అంది అమ్మ.

"గది అందరికి కాదు చెల్లె. గీ పిల్లకు మారిస్తేనే లాభం."

"బాపును అడుగుదామా?" అన్నాను నేను.

"అద్దు. ఆడ ఆయన రందివెట్టుకుంటడు, ఇల్లు గడుస్తలేదేమోనని" అని, అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేమంటవ్ బిడ్డా? సదివేది నువ్వు."

నేను పదిహేనేళ్ల దాన్ని. ప్రేయర్‌లో కొట్టిన చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. మళ్లీ కొత్త బడిలో చివరి బెంచీలో కూర్చుని, మళ్లీ మొదటినుంచి ఎక్కాలంటే నా వల్ల కాదనిపించింది. నీళ్ల పంపు కూడా గుర్తొచ్చింది. పైగా పొగరు. నాకు ఒకరు కలిపే పాయింట్లెందుకు?

"నాకు పదికి పది అస్తయి సార్. నా బడిల్నే ఉంట" అన్నాను.

సారు నవ్వాడు. "రావాలె బిడ్డా, మంచిదే. కని ఆలోచన చెయ్యి, ఈ నెలంత టైమున్నది" అని పక్కింటికి వెళ్లాడు. ఆ నెలంతా నేను ఆలోచించలేదు. అమ్మ ఆలోచించిందేమో, నన్ను మళ్లీ అడగలేదు.

ఆ ఏడాది గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. పొద్దున స్టడీ అవరు, సాయంత్రం స్టడీ అవరు, ఇంటికొచ్చాక ఆకు. వ్యాన్‌లో నా పక్కన కూర్చునే పిల్ల ఒకరోజు ముక్కు మూసుకుని కిటికీ వైపు జరిగింది. మర్నాటినుంచి నేను డ్రైవరు వెనక సీటులో ఒక్కదాన్నే కూర్చున్నాను. యూనిఫామ్ ఎంత ఉతికినా తంబాకు పోదు. ఆదివారాలు దోస్తుకు లెక్కలు చెబుతూ, ఆ పిల్ల బడిలో సారు ఇచ్చిన కొశ్చన్ పేపర్లు నేను కూడా చేసేదాన్ని. అవి మా బడి పేపర్ల కన్నా బాగుండేవి. ఆ మాట తనతో అనలేదు.

మే నెలలో ఫలితాలొచ్చాయి. నాకు లెక్కల్లో, తెలుగులో పది. మిగతా నాలుగు సబ్జెక్టుల్లో తొమ్మిది. మొత్తం తొమ్మిది పాయింట్ మూడు. దోస్తుకు తొమ్మిది పాయింట్ రెండు. ఇద్దరం కౌగిలించుకుని గెంతాం. మా బడివాళ్లు ఫ్లెక్సీ వేసి చౌరస్తాలో కట్టారు, అందులో మూడో వరసలో నా ఫొటో. అమ్మ రెండుసార్లు పనిగట్టుకుని అటువైపు కూరగాయలకు వెళ్లింది.

ఆన్‌లైన్ సెంటరులో ఇద్దరం ఒకేసారి దరఖాస్తు పెట్టాం. ఆ అబ్బాయి నా వివరాలు కొడుతూ, "పది చదివింది గవర్నమెంటా, ప్రైవేటా?" అన్నాడు. ప్రైవేటన్నాను. తెరమీద నా తొమ్మిది పాయింట్ మూడు అలాగే ఉంది. తర్వాత దోస్తు కూర్చుంది. గవర్నమెంటంది. తన అంకె తొమ్మిది పాయింట్ ఆరైంది. బయటికొచ్చాక తనే అంది, "నువ్వు మా బడికి వస్తే నీది తొమ్మిది పాయింట్ ఏడు అవుతుండె గదనే." ఏదో మనసులో పెట్టుకుని అన్నది కాదు. లెక్క చెప్పింది, నేను నేర్పిన లెక్కే. నాకు మాత్రం ఆ క్షణాన తన జుట్టు పట్టుకుని కొట్టాలనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, అనిపించింది.

జాబితాలో తన పేరుంది, నా పేరు లేదు. కొద్దిలో పోయింది. రెండో జాబితా, మూడో జాబితా అంటూ ఆగస్టు దాకా ఎదురుచూసి, జగిత్యాలలో సర్కారు జూనియర్ కాలేజీలో చేరాను. దోస్తును బస్సెక్కించడానికి మాత్రం వెళ్లాను. వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, "నీ పున్నెమే బిడ్డా, నువ్వు లెక్కలు జెప్పకుంటే దానికెక్కడియి" అంది. నేను నవ్వాను. ఇంటికొచ్చి, అమ్మ పక్కన కూర్చుని ఆకు కత్తిరించాను. అమ్మ, "నేనే గట్టిగ జెప్పాల్సింది. నేను జెప్పలే" అంది. నీ తప్పు కాదని నేను అనాల్సింది. నేనూ అనలేదు. కోపం ఎవరి మీదో తెలియక ఇద్దరం అలా కొన్నాళ్లు ఉన్నాం.

దసరా సెలవులకు ముందు, బాపు వస్తున్నాడని తెలిసింది. హైదరాబాద్ నుంచి వచ్చి జగిత్యాల బస్టాండులో దిగుతాడు, కాలేజీ అయ్యాక అక్కడే ఉండి కలిసి రమ్మంది అమ్మ. సాయంత్రం నాలుగింటికి బస్సొచ్చింది. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్లు ఎలా దిగుతారో ఆ బస్టాండులో అందరికీ తెలుసు. దిగగానే డిక్కీ దగ్గరికి పరుగెత్తి, తాడుతో బిగించిన పెద్ద అట్టపెట్టెలు దించుకుంటారు. బాపు దిగి, డిక్కీ వైపు చూడకుండా నేరుగా నా దగ్గరికి నడిచొచ్చాడు. చేతిలో ఒక బట్టల సంచి. సగమైపోయాడు. గడ్డం నెరిసింది.

"ఇంత పెద్దగైనవేంది బిడ్డా" అన్నాడు.

"సామానేది బాపు?"

"గిదే."

కోరుట్ల బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తను పక్కన కూర్చున్నాడు. ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. తర్వాత తనే చెప్పడం మొదలుపెట్టాడు, నా మొహం చూడకుండా.

"కంపిని పోయినేడు ఎండకాలమే మూతవడ్డది. నువ్వు తొమ్మిది పరీక్షలు రాసినవ్ సూడు, అప్పుడే. అందరు ఇండ్లకు పోయిన్రు. నేను కల్లివెల్లి అయిన. కాయితాలు లేకుంట, దొరికిన పని చేసుకుంట, పోలీసోళ్లు అస్తే దాసుకుంట."

"నువ్వు సుత అప్పుడే రాకపోతివి బాపు?"

"అచ్చేటోన్నే. టికెట్ గూడ ఇస్తమన్నరు. కని నేనస్తే ఏమైతుండె? ఇల్లు గడువక మీ అమ్మ నిన్ను గా బడిలకెల్లి తీసి సర్కారు బడిల ఏస్తుండె. పదిల బడి మారిస్తే పిల్లలు ఆగమైతరని అందరంటరు. నీ పరీక్షలయ్యేదాక ఎట్లన్న ఉందామనుకున్న. తర్వాత అద్దామంటే కాయితాల్లేవు, ఇంటికి పంపే ఔట్‌పాస్ కాయితం దొరికేసరికి గిన్నొద్దులాయె."

బస్సు ఎక్కడో ఆగింది. ఎవరో ఎక్కారు, ఎవరో దిగారు. నా తొమ్మిది అయిపోయిన ఆ మే నెలలోనే ఆయన టికెట్ తీసుకుని వచ్చేసి ఉంటే, జూన్‌లో నేను వెనక గల్లీలో బడికి నడిచి వెళ్లేదాన్ని. ఇష్టమున్నా లేకున్నా వెళ్లేదాన్ని. ఆయన దాక్కుని బతికిన ఏడాదంతా నా సీటును నాకు దూరంగా పట్టుకుని కూర్చున్నాడు, నా మంచి కోసమే. అమ్మ తలుపు వేసుకుని బీడీలు చేసింది, ఆయన పేరు కోసం. బడి మారతానని అనగలిగిన నేను, పదికి పది వస్తాయని అన్నాను.

"మీ దోస్తుకు ట్రిపుల్ ఐటీల అచ్చిందట గద? మీ అమ్మ జెప్పింది. నీకెందుకు రాలే బిడ్డా?" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగాడు.

అమ్మ ఆయనకు మిగతాది చెప్పలేదన్నమాట. నాకు వదిలేసింది.

"దానికి నాకన్న ఎక్కువచ్చినయి బాపు" అన్నాను.

బాపు తల ఊపాడు. నా వీపు మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు. "కానీతియ్. బడి మారకుంట సదివినవ్ గద, గది సాలు. నీ కష్టమైతే నువ్వు జేసినవ్" అన్నాడు. కోరుట్ల వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

ఆ తర్వాత డిగ్రీ, బీఈడీ అన్నీ అయ్యాయి. ఇప్పుడు అమ్మా బాపూ నా దగ్గరే సిరిసిల్లలో ఉంటారు. బాపు మరమగ్గాల షెడ్డు దగ్గర కాపలాకు పోతాడు. చుట్టాలెవరైనా వచ్చి మాటల్లో ఆ దోస్తు ఉద్యోగం సంగతి ఎత్తితే, నాకు చిన్నతనం కాకుండా కాపాడాలని ఆయనే ముందు అందుకుంటాడు. "మా బిడ్డ సుత మంచిగనే సదివింది, అప్పుడు జర తక్కువచ్చినయి, అంతే" అంటాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. నేను కాదనను. తక్కువ రాలేదు బాపు, నాకే ఎక్కువొచ్చాయి అని ఒక్కసారి చెప్పాలని ప్రతిసారీ నోటిదాకా వస్తుంది. చెబితే, మరి సీటెందుకు రాలేదని మళ్లీ అడుగుతాడు. అడిగితే నేను చెప్పాలి. చెప్పాక, ఆ ఏడాదంతా పోలీసులకు దొరక్కుండా దేనికోసం దాక్కున్నాడో, అది కూడా ఆయన దగ్గర మిగలదు.